తోక పెట్టె రానివ్వండి

లోకంలో రైలు ఫొటోలు తీసే పిచ్చివాళ్ళకి కొదవ లేదు. వాళ్ళంతా ఇంజను కోసం కాచుక్కూర్చుంటారు. ఈయన మాత్రం ఇంజనును మర్యాదగా సాగనంపి, దాని వెనక వచ్చే బొగ్గు పెట్టెలనూ సిమెంటు పెట్టెలనూ ఒక్కొక్కటే పోనిచ్చి, అన్నిటికన్నా చివర ఊగుతూ వచ్చే గార్డు పెట్టె వంతెన ఎక్కాకే బటను నొక్కుతాడు. అందుకని ఊరు ఆయనకి తోకాయన అని పేరు పెట్టింది. మొదట్లో చాటుగా అనేవారు, తరవాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయన ఏమీ అనుకోలేదు. ఆయన భార్య అనుకుంది. ఆయన తోకాయన అయితే తననేమంటారన్నది ఆవిడ బాధ. ఏమంటారో కూడా ఆవిడకి తెలుసు. తోకమ్మ.

బజారు మలుపులో వాళ్ళదొక ఫొటో స్టూడియో. ముందు గదిలో బల్ల, అద్దం, దువ్వెన. లోపలి గదిలో ఒక తెల్ల తెర, ఒక నీలం తెర, కూర్చుంటే కిర్రుమనే స్టూలు. ఆయన ఫొటో తీస్తే ఆవిడ అచ్చు వేసి, అంచులు కత్తిరించి, కవర్లో పెట్టి ఇస్తుంది. గూడ్సు బండి వస్తుందని తోచిందంటే చాలు, స్టూలు మీద కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి ఆయన స్కూటరెక్కేవాడు. "గడ్డం కాస్త పైకి ఎత్తండి" అన్న మాట సగం ఆయన అంటే, మిగతా సగం ఆవిడ వచ్చి అనేది.

ఊరి అవతల కొండను రెండుగా కోసినట్టు ఒక లోతైన లోయ ఉంది. దాని మీద ముత్తాతల కాలం నాటి వంతెన. రాతి స్తంభాలు, వాటి మీద ఇనప కమానులు. కింద ఎక్కడో నది. ఎదురుగా కొండ అంచున ఒక చదును బండ ఉంది, అదే ఆయన ఆస్థానం. మూడు కాళ్ళ స్టాండు మీద కెమెరా బిగించి, గొడుగు పాతుకుని ఆ బండ మీద కూర్చునేవాడు. బండి ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. గూడ్సు బండికి వేళాపాళా ఏముంది?

ఈ తోక జబ్బు వంతెన దగ్గరే ఆగితే గొడవ లేకపోయేది. ఒక పెళ్ళికి ఫొటోలు తియ్యమని పిలిచారు. మగపెళ్ళివారి బస్సు వచ్చి ఆగింది. పెళ్ళికొడుకు దిగాడు. వాళ్ళ నాన్న దిగాడు. మేనమామలు మీసాలు సవరించుకుంటూ దిగారు. ఈయన కెమెరా కంటికి ఆనించి అలాగే నిలబడ్డాడు.

"తియ్యవయ్యా బాబూ!" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి.

"రానివ్వండి."

"ఇంకెవరు రావాలి? పెళ్ళికొడుకు దిగాడు కదా!"

"తోక పెట్టె రానివ్వండి."

అందరూ దిగి లోపలికి వెళ్ళాక, నిద్రపోతున్న పసిపిల్లను ఒక భుజాన, ఎవరివో చెప్పుల సంచీ ఇంకో భుజాన వేసుకుని ఒక ముసలావిడ నెమ్మదిగా మెట్లు దిగింది. అప్పుడు నొక్కాడు. ఆల్బం మొదటి పేజీలో ఆవిడే. ఎవరి తాలూకు మనిషో రెండు వైపుల వాళ్ళూ తేల్చుకోలేక కొన్నాళ్ళు మాటలు మానేశారు.

బడిలో పరుగుపందెమైతే మరీ ఘోరం. మొదట వచ్చినవాడు రొమ్ము విరుచుకుని నాలుగు భంగిమల్లో నిలబడ్డా ఈయన వాడి వైపు కన్నెత్తి చూడలేదు. ఆఖరివాడు ఆయాసపడుతూ, ఊడిన లాగును ఒక చేత్తో పట్టుకుని గీత దాటేదాకా ఆగాడు. మొదట వచ్చినవాడి తండ్రి స్టూడియో మీదికి తగవుకొచ్చాడు. ఆ గొడవ సర్దేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆవిడ తమ్ముడికి బావంటే అభిమానం. ఫొటోగ్రాఫర్ల సంఘం పోటీ పెట్టిందని తెలిసి, బావ తీసిన వాటిలో మంచిదొకటి ఏరి పంపాడు. న్యాయనిర్ణేత తోకాయనను పిలిపించాడు. వంతెన చూసి మెచ్చుకున్నాడు, లోయలో మంచు చూసి మెచ్చుకున్నాడు, వెలుగు చూసి మెచ్చుకున్నాడు. ఆ తరవాత కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"ఇంజను ఏదండీ?"

"ముందుకెళ్ళిపోయిందండీ."

"మరి మీరేం చేస్తున్నారు?"

"తోక పెట్టె కోసం ఆగాను."

"అయ్యా, ఇది రైలు ఫొటో కాదు. రైలు వెళ్ళిపోయిన ఫొటో," అని ఆయన దాన్ని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు.

బయటికొచ్చాక తమ్ముడు మొహం వేలాడేశాడు. బావగారు మాత్రం వాడి భుజం తట్టి, "చూశావా, మంచు బాగుందన్నాడు," అన్నాడు.

ఇంత పిచ్చి ఉన్న మనిషికి తీరని కోరిక ఒకటే. ఆ వంతెన మీద ఒక్కసారి వెళ్ళాలి. దాని మీద మనుషుల రైళ్ళు నడవవు, సరుకు బళ్ళే. నడిచి వెళ్దామంటే పట్టాలకి పక్కన అడుగు పెట్టే చోటు లేదు, పైగా నిషేధమని బోర్డు. గార్డును బతిమాలుకోమని తమ్ముడు సలహా ఇస్తే, "వాడి ఉద్యోగం ఊడగొట్టమంటావా?" అని కసురుకున్నాడు. ఏళ్ళ తరబడి కొండ మీద నుంచి వంతెనను చూశాడే కానీ వంతెన మీద నుంచి లోయను చూడలేదు. ఆ బెంగ అన్నం తినేటప్పుడు బయటపడేది. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయేది.

"ఏమే, వంతెన నడిమధ్య నిలబడి కిందికి చూస్తే నది ఎలా ఉంటుందంటావు?"

"తడిగా ఉంటుంది. తినండి."

ఆవిడ పుల్లవిరుపుగా మాట్లాడేదంటే కారణం ఉంది. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి ఆయన ఆవిణ్ణి ఆ బండ దగ్గరికి తీసుకెళ్ళాడు. గాలి హాయిగా వీస్తోంది. లోయ మీద సాయంకాలపు ఎండ పడుతోంది. ఆవిడ కొత్త చీర కట్టుకుంది. ఆయన ఏదో చెబుతాడని ఎదురు చూసింది. ఆయన ఆవిడ వైపు తిరిగి చాలా ప్రేమగా, "కాస్త పక్కకి జరుగుతావా? తోక పెట్టెకి అడ్డొస్తున్నావు," అన్నాడు.

అప్పటి నుంచి ఆవిడ ఆ కొండ ఎక్కలేదు. కోపమంటే కోపమూ కాదు. ఇరుగమ్మకీ పొరుగమ్మకీ రకరకాల కష్టాలుంటాయి, తనకేమో గూడ్సు బండితో సవతి పోరు. ఆ తుప్పు పెట్టెను చూసే చూపులో నాలుగో వంతు తనను చూస్తే చాలునని ఆవిడ ఎన్నోసార్లు అనుకుంది. అచ్చు వేసేటప్పుడు కావాలని చూసేది కాదు. వంతెన, పొగ, తోక. ఏముంది చూడ్డానికి? పైగా వేసినవి వేసినట్టే మాయమయ్యేవి. ఏమయ్యాయంటే, "పాడైపోయాయిలే" అనేవాడు. ఇన్ని ఫొటోలు ఎలా పాడవుతాయో ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఇలా ఉండగా రైలువాళ్ళు కొండలో సొరంగం తవ్వి కొత్త దారి వేశారు. పాత వంతెన మూసేస్తారనీ, ఇక మీదట గార్డు పెట్టెలే ఉండవనీ, బండి చివర ఒక ఎర్ర దీపం తగిలించి ఊరుకుంటారనీ కబురొచ్చింది. తోకాయన స్టూడియోలో ఫొటోలు తీస్తూనే ఉన్నాడు కానీ, ఆయన మొహం చూసి స్టూలు మీద కూర్చున్నవాళ్ళ మొహాలు కూడా వాడిపోయేవి. ఆ వారం ఫొటో దిగినవాళ్ళంతా ఎవరో పోయిన ఇంట్లోంచి వచ్చినట్టున్నారు. ఉద్యోగానికి దరఖాస్తు చేసుకునే అమ్మాయి ఒకతె తన ఫొటో చూసుకుని, "ఇది చూస్తే నాకు ఉద్యోగం కాదు, సెలవిస్తారు," అంది.

అప్పుడొచ్చాడు గూడ్సు యార్డు నుంచి ఒక గుమాస్తా. గార్డులంతా కలిసి పైవాళ్ళను అడిగారట. పాత వంతెన మీద నడిచే ఆఖరి బండిలో, గార్డు పెట్టెలో, ఫొటోగ్రాఫరు గారికి చోటు ఇమ్మని. పైవాళ్ళు ఒప్పుకున్నారు. కాకపోతే ఒక్క మనిషికే.

"బావా, నీ పంట పండింది!" అని తమ్ముడు గంతేశాడు. ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. గుమాస్తాకి తనే టీ తెచ్చి, అది తనే తాగేశాడు. బీరువాలోంచి మంచి చొక్కా తీసి ఇస్త్రీ చేశాడు, మడత పడిందని మళ్ళీ చేశాడు. గుమాస్తా వెళ్ళబోతుంటే గుమ్మం దాకా వెళ్ళి మాటవరసకి అడిగాడు.

"ఇంతకీ ఆ బండికి గార్డెవరు?"

గుమాస్తా చెప్పాడు. కిందటేడు చేరినవాడట. ఆయన మొహంలో వెలుగు తగ్గిపోయింది. ఇస్త్రీ చేసిన చొక్కాను మళ్ళీ బీరువాలో పెట్టేశాడు.

భోజనాల దగ్గర అసలు సంగతి బయటపెట్టాడు.

"ఆ బండి నువ్వెక్కు."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "నేనా? నాకెందుకండీ?"

"నేనెక్కితే ఫొటో ఎవరు తీస్తారు?"

"ఒక్కసారి తియ్యకపోతే కొంప మునుగుతుందా?"

"మునుగుతుంది."

"నేను తీస్తానుగా బావా!" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఇంజను తీస్తావు."

తమ్ముడు తీసేవాడే మరి.

ఆవిడకి ఒళ్ళు మండింది. కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి, కానీ అవి కనబడకుండా లేచి వంటింట్లోకి వెళ్ళింది. జీవితమంతా కలవరించిన కోరిక చేతికందితే, దాన్ని కూడా కాదనుకున్నాడు ఆ తోక కోసం. తానెంత, తన చీరెంత? "సరే, వెళ్తాను," అని లోపలి నుంచే అరిచింది. ఆ అరుపులో వెళ్ళాలన్న సరదా ఏమాత్రం లేదు. సాధించాలన్న పట్టుదల ఉంది.

యార్డు దాకా స్కూటరు మీద తీసుకెళ్తూ ఆయన ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుపెట్టాడు. "నడిమి స్తంభం దగ్గర ఎడమ వైపు చూడు. నది అక్కడే వంపు తిరుగుతుంది. నీళ్ళ రంగు ఎలా ఉందో గుర్తుపెట్టుకో. కమానుల నీడ నీళ్ళలో పడుతుందా, ఒడ్డు మీద పడుతుందా అన్నది నాకు ముఖ్యం. పక్షులు వంతెన కింద ఎగురుతాయి. అంటే వాటి వీపులు కనిపించాలి! వీపులు చూడు. అన్నీ వచ్చి నాకు చెప్పాలి. ఒక్కటి కూడా వదలొద్దు."

"చెప్తానన్నాను కదండీ! ముందు చూసి నడపండి."

గార్డు పెట్టె అంటే పెద్ద గదేమీ కాదు. ఒక బెంచీ, ఒక చేతి బ్రేకు చక్రం, జెండాలు, లాంతరు, మంచినీళ్ళ సీసా. వెనక వసారాలాంటి చిన్న అరుగు, దానికి నడుము ఎత్తున రేకు కొట్టిన ఇనప కటకటాలు. బండి కదిలాక ఆవిడ ఎముకలు వేటికవి విడిపోయి మళ్ళీ అతుక్కోవడం మొదలుపెట్టాయి. గార్డు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మీసం ఇంకా కుదురుకోలేదు. బెంచీ తుడిచి, తన దుప్పటి మడిచి వేసి కూర్చోబెట్టాడు.

కొంతదూరం పోయాక అతను సంచీలోంచి ఇస్త్రీ చొక్కా తీసి, వేసుకున్న దాని మీదే తొడుక్కున్నాడు. గోడకి అంటించిన అద్దం ముక్క ముందు నిలబడి తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. పెట్టె కుదుపుకి పాపిడి వంకర పోయింది. మళ్ళీ దువ్వాడు. మళ్ళీ వంకర పోయింది.

"ఎవరైనా పెద్దవాళ్ళు ఎక్కుతారా బాబూ?" అంది ఆవిడ.

"లేదమ్మా. వంతెన వస్తోంది."

"వస్తే?"

అతను ఆవిడ వైపు వింతగా చూశాడు. "సారు తీస్తారు కదమ్మా! వంతెన ముందు మేమంతా తల దువ్వుకుంటాం. ఈ అద్దం ముక్క నేను చేరకముందు నుంచే ఇక్కడుంది."

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను దువ్వెన పట్టుకునే చెప్పుకొచ్చాడు.

"సారు ముందు ఇంజన్లే తీసేవారటమ్మా. అప్పట్లో ఒక పెద్ద గార్డు ఉండేవారు. బండ దగ్గర సారు కనబడినప్పుడల్లా చెయ్యి ఊపేవారట. రిటైరయ్యాక ఆయన మీ స్టూడియోకొచ్చి, 'మీరు తీసినవాటిలో నేనెక్కడైనా ఉన్నానా?' అని అడిగారట. సారు అన్నీ వెతికితే ఒక్కదాంట్లోనూ లేరు. ఇంజను వంతెన మధ్యకొచ్చేసరికి తోక పెట్టె ఇంకా కొండ వెనకే ఉంటుంది కదా! అప్పటి నుంచి సారు మా కోసం ఆగుతున్నారు. తీసిన ఫొటో తెచ్చి యార్డులో ఇచ్చి వెళ్ళిపోతారు. మా క్వార్టర్లలో ఏ ఇంట్లోకెళ్ళినా గోడ మీద వంతెన ఉంటుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరు అడిగారా అమ్మా?"

ఆవిడకి గుర్తొచ్చింది. పాడైపోయాయిలే అన్నప్పుడల్లా ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. అబద్ధమాడటం చేతకానివాడి అబద్ధాన్ని ఇన్నేళ్ళూ నమ్మినందుకు ఆవిడకి తన మీద తనకే నవ్వొచ్చింది.

"ఇంజనులో అయితే ఇద్దరుంటారమ్మా, కబుర్లాడుకుంటారు," అన్నాడు గార్డు. "ఇక్కడ ఒక్కడే. ఊళ్ళలో పిల్లలు కూడా ఇంజనుకి చేతులూపి, మా దాకా వచ్చేసరికి ఇంటికెళ్ళిపోతారు. రోజుల తరబడి ఎవరూ మన మొహం చూడరు. సారొక్కరే ఆగేది. అందుకే ఈసారి ఆయన్ని ఎక్కించాలని మావాళ్ళంతా అనుకున్నారు. కానీ నా ఒక్కడి ఫొటోనే ఇంకా కాలేదు. నేనొచ్చినప్పుడల్లా వానో, మంచో. మా అమ్మ నేను చెప్పేది నమ్మక, 'నిజంగా రైల్లోనే పనిచేస్తున్నావట్రా?' అని అడుగుతుంది. సారు నిన్న యార్డుకొచ్చి, 'నీది బాకీ ఉందిగా, నేను బండ దగ్గరే ఉంటాను' అన్నారు. వద్దని ఎంత చెప్పినా వినలేదమ్మా."

ఆవిడ చీర కొంగుతో కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపింది. "ఆ దువ్వెన ఇలా ఇవ్వు."

అతని పాపిడి ఆవిడే దువ్వింది. స్టూడియోలో ఎంతమందిని దువ్వి కూర్చోబెట్టిన చెయ్యి! కుదుపును బట్టి చెయ్యి కదిపి, గీత గీసినట్టు తీసింది. "గడ్డం కాస్త పైకెత్తు. నవ్వు. అంత వద్దు," అంది.

చక్రాల మోత మారింది. కింద గుల్ల శబ్దం. పెట్టె వంతెన ఎక్కింది. పాత వంతెన కనక బండి నడకలా సాగుతోంది. గార్డు అరుగు మీదికి వెళ్ళి నిలబడి, కంగారుగా వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఏమీ అనుకోకండి. పక్కన మీరుంటే... ఈవిడెవరని మా అమ్మ అడుగుతుంది."

నిజమే. ఆవిడ వెంటనే కటకటాల వెనక కిందికి కూర్చుంది. ఎదురుగా ఆవిడకి కనిపించింది తుప్పు పట్టిన ఒక రేకు, నాలుగు మేకులు. వంతెన సగం దాకా లోయ అందాలన్నీ అవే.

"నొక్కారంటారా?" అన్నాడు గార్డు పెదవులు కదపకుండా.

"ఆయన తోకను వదిలే మనిషేనా? కదలకు."

"అమ్మా, సారు చెయ్యి ఊపుతున్నారు. నాకు కాదు. నన్ను పక్కకి జరగమంటున్నారు. మిమ్మల్ని లేవమంటున్నారు!"

ఆవిడ లేచింది. కొండ అంచున, ఆ బండ మీద, గొడుగు పక్కన ఆయన కనిపించాడు. కన్ను కెమెరాకి ఆనించి లేదు. కెమెరాను వదిలేసి, బండ చివరి దాకా వచ్చి, కాళ్ళ వేళ్ళ మీద లేచి రెండు చేతులూ ఊపుతున్నాడు. ఇంత దూరం నుంచి చూస్తే మనిషి చాలా చిన్నగా, చాలా ఒంటరిగా ఉన్నాడు. ఇన్నేళ్ళూ వెళ్ళిపోయేవాటి వైపు చూస్తూ ఇలాగే నిలబడ్డాడన్నమాట! ఆవిడకి ఒక్క ఉదుటున ఆయన మీద బెంగ పుట్టుకొచ్చింది. పొద్దున్నే స్కూటరు మీద కలిసి వచ్చిన మనిషి మీద అంత బెంగేమిటని సిగ్గు కూడా వేసింది. కొంగు తీసి ఊపింది. ఆయన పరిగెత్తుకెళ్ళి కెమెరా నొక్కి, మళ్ళీ పరిగెత్తుకొచ్చి చేతులూపాడు. కొండ అడ్డం వచ్చేదాకా ఆవిడ కొంగు దించలేదు.

లోయకి అవతలి స్టేషనుకి రోడ్డు చుట్టు తిరిగి వెళ్తుంది. ఆవిడ దిగి బెంచీ మీద కూర్చుని చాలాసేపటికి ఆయన స్కూటరు మీద దుమ్ము కొట్టుకుపోయి వచ్చాడు. స్టాండు వెయ్యకుండానే మొదలుపెట్టాడు.

"వాడి ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది! కెమెరా తెర మీద పాపిడి కూడా కనబడుతోంది. సరే, చెప్పు. నది ఎలా ఉంది?"

ఆవిడ కొంగుతో బెంచీ మీద దుమ్ము దులిపింది.

"నీళ్ళ రంగేమిటి? నీడ ఎక్కడ పడింది? పక్షుల వీపులు చూశావా?"

"చూడలేదండీ."

"వీపులు పోనీలే. నది?"

"అది కూడా చూడలేదు."

"లోయ! లోయ చూశావా లేదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన నోరు వెళ్ళబెట్టాడు.

"జీవితమంతా నేను ఎదురుచూసిన వంతెన! నా బదులు నిన్ను పంపించానే! ఈ చివర్నుంచి ఆ చివరికి వెళ్ళావే! అంతసేపూ ఏం చూశావు మరి?"

"సగం దూరం రేకు చూశాను," అంది ఆవిడ. "మిగతా సగం, కొండ మీద ఎవరో ఒకాయన నిలబడి చేతులూపుతుంటే ఆయన్నే చూస్తూ ఉండిపోయాను. ఇంతలో వంతెన అయిపోయింది."

ఆయన తిట్టడానికి నోరు తెరిచాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు, చొక్కా దుమ్ముగా ఉండటంతో అవి ఇంకా మాసిపోయాయి. స్కూటరు తన్ని, "కనీసం ఒక్కసారైనా కిందికి తొంగి చూడాల్సింది," అన్నాడు.

"తప్పే."

"ఒక్క పక్షినైనా."

"తప్పేనండీ," అని ఆవిడ వెనక ఎక్కి కూర్చుని ఆయన భుజం పట్టుకుంది. దారంతా ఆయన సణుగుతూనే ఉన్నాడు. వంపులు తిరిగే ఆ చుట్టుదారి ఇంకాస్త పొడుగుంటే బాగుండునని ఆవిడకి అనిపించింది.